పేపరు తిరగేసి చూసిన పిల్ల

మంగళవారం, రాత్రి 9:30

పొద్దున్న పాతపట్నంలో బస్సెక్కేటప్పటికే నా బ్యాగులో 12 పేర్ల లిస్టు ఉంది. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించాల్సిన పిల్లలు. నిన్న రాత్రి కూర పొయ్యిమీద పెట్టి పది నిమిషాల్లో రాసేశాను. క్లాసులో చెయ్యెత్తేవాళ్లు, నోట్సు నీటుగా రాసేవాళ్లు, అమ్మానాన్నలు మీటింగులకు వచ్చేవాళ్లు, వాళ్లే గుర్తొచ్చారు.

మూడో పీరియడ్ లెక్కల మాస్టారు సెలవు. పాత పేపర్లోంచి 20 మెంటల్ ఎబిలిటీ ప్రశ్నలు జెరాక్సు తీయించి 38 మందికీ ఇచ్చాను. ఒకదాంట్లో గడియారం బొమ్మ. అద్దంలో అది 8:20 చూపిస్తోంది, అసలు టైమెంత? నా లిస్టులోవాళ్లు వేళ్లు లెక్కపెడుతున్నారు. చివరి బెంచీలో సవర గిరిజన పిల్ల పేపరు తిరగేసి, కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, వెనకనుంచి ముళ్లు చూసి 3:40 అని రాసేసింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవలూ చెప్పలేదు మేడం. ఇలా చూస్తే తెలిసిపోతాది."

బొమ్మల ప్రశ్నలు 11లో 10 రైటు. మాటల్లో ఉన్నవి 9లో 5 ఖాళీ. 'ఆరోహణ క్రమం' అంటే చిన్నదాన్నుంచి పెద్దదాకా అని చెప్పానో లేదో, ఆ లెక్క చేసేసింది. ఇంట్లో సవర మాట్లాడే పిల్లకి మా తెలుగే రెండో భాష, పుస్తకాల తెలుగు ఇంకా దూరం. ఆ పేరు నా లిస్టులో లేదు.

మొన్న ఆగస్టు 29న గిడుగు వారి ఫొటోకి దండేశాం. పక్కనున్న పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఇన్నేళ్లయినా నాకు సవరలో పది మాటలు రావు.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, బ్రోవార్డ్ కౌంటీ సంగతి ఎప్పుడో చదివాను. అక్కడ తెలివైన పిల్లల్ని టీచర్లు, తల్లిదండ్రులు చెబితేనే పరీక్షించేవారు. 2005 ప్రాంతంలో రెండో తరగతి పిల్లలందరికీ పరీక్ష పెట్టేసరికి పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే మూలాలున్న) పిల్లలు చాలామంది తెలివైనవాళ్లని తేలింది. తర్వాత డబ్బుల్లేక ఆపేస్తే మళ్లీ మొదటికొచ్చింది. అక్కడి టీచర్లు చెడ్డవాళ్లేం కారు, నాలాంటివాళ్లే.

ఈ స్కాలర్‌షిప్ వస్తే ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా. రిజర్వేషనూ ఉంది. కానీ అప్లికేషనే పెట్టని పిల్లకి రిజర్వేషన్ ఏం చేస్తుంది? ఆ అప్లికేషన్‌కి ముందు నా లిస్టు అడ్డం పడుతోంది.

సాయంత్రం హెచ్ఎం గారితో 38 మందీ రాస్తారని చెప్పాను. "ఆదాయం సర్టిఫికెట్ల కోసం సచివాలయం చుట్టూ ఎవరు తిరుగుతారమ్మా?" అన్నారు. శనివారం నేనే వెళ్తానన్నాను. లిస్టు చింపేశాను.

ఆ పిల్ల నాన్న చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లాడట. ఇంట్లో నాయనమ్మే ఉంది. రేషన్ కార్డు ఎవరి దగ్గరుందో రేపు పొద్దున్నే అడగాలి.