సార్ చుట్టిన సున్నా

"ఈ ఏడుగురూ ఏమయ్యారమ్మా?" అంటూ నా థీసిస్ టేబుల్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు సార్. 'ఫాలో-అప్‌కి రాలేదు' అని రాసి నేను వదిలేసిన రెక్టల్ (పురీషనాళ) క్యాన్సర్ పేషెంట్లు వాళ్లు.

మధ్యాహ్నం కేస్ షీట్లలో నంబర్లు వెతికి ఫోన్లు చేశాను. ఒకాయన, ఆపరేషన్ తర్వాత మలం చేరడానికి పొట్టకి తగిలించే స్టోమా బ్యాగ్ లీకవుతుందన్న భయంతో బస్సెక్కడమే మానేశాడట. "ఇన్నాళ్లకి అడిగావు తల్లీ" అన్నాడు. కాసేపు నాకు మాట రాలేదు.

1982లో బ్రిటిష్ సర్జన్ హీల్డ్ మీసోరెక్టమ్ (పురీషనాళం చుట్టూ ఉండే కొవ్వు) గురించి రాసిన పేపర్‌ను సార్ మాతో మూడుసార్లు చదివించారు. పురీషనాళాన్ని ఆ కొవ్వుతో సహా, పొర చిరగకుండా తీస్తే క్యాన్సర్ అక్కడే తిరగబెట్టడం తగ్గుతుందని హీల్డ్ చెప్పగలిగింది, ఆపరేషనయ్యాక కూడా పేషెంట్లను ఏళ్ల తరబడి చూసుకున్నందుకే.

ఇద్దరు ఇంకా ఫోన్ ఎత్తలేదు. రేపు రౌండ్స్‌కి ముందే మళ్లీ చేస్తాను.