జోరు వానలో ఇల్లు చూసొచ్చా

నెల్లూరు వేదాయపాళెంలో ఒక పాత డాబా ఇల్లు చూస్తున్నాం. తూర్పు ముఖం, గాలి బాగా ఆడుతుందని అమ్మకి తెగ నచ్చింది. నాకేమో వానల టెన్షన్. 2021 నవంబరులో పెన్నా నది వరద ఏం చేసిందో ఇక్కడెవరూ మర్చిపోలేదు. అందుకే జోరు వానలోనే వెళ్లాను. వీధిలో నీళ్లు నిలిచాయి గానీ గేటు దాటలేదు. వంటింటి వెనక గోడ మాత్రం మోకాలి ఎత్తున చెమ్మ పట్టి ఉంది. కొత్త రంగు కింద పెచ్చు గోరు తగిలితేనే పొడిపొడిగా రాలింది. పక్కింటి పెద్దమ్మని అడిగితే, "ఎండాకాలం బోరు అడుగంటుద్ది నాయనా, కుళాయి నీళ్లే దిక్కు" అని ఉన్నమాట చెప్పింది. అంత నిజం ఏ బ్రోకరూ చెప్పడు.

ఓనరు అంకణానికి (మా వైపు స్థలం కొలత) ఇంత అని కొత్త ఇళ్ల రేటే చెబుతున్నాడు. పాత ఇంటికి కట్టడం విలువ ఏటా తగ్గుతుంది, పెరిగేది స్థలం విలువే. బ్యాంకు తన వాల్యుయేటర్ (ఇంటికి విలువ కట్టే మనిషి) లెక్క మీదే లోన్ ఇస్తుంది, మిగతాది మన చేతిలోంచే పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. ఈసీ (ఇంటి మీద అప్పులు, పాత లావాదేవీలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) చూశాక మేస్త్రీకి గోడ చూపించి, ఆ రిపేరు ఖర్చు మేరకు ధర తగ్గించమని ఓనర్ని అడుగుతాను.