జెనెటిక్స్ చాప్టర్‌ని కేసులతో మొదలుపెట్టండి

మిత్రులారా, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే ఆర్ట్స్, కామర్స్ వాళ్లు బయాలజీలో ముందు వదిలేసేది జన్యుశాస్త్రాన్నే. నేనూ బీఏ చదివినదాన్నే. మెండెల్ బఠానీ మొక్కలు, 3:1 నిష్పత్తి దగ్గర మొదలుపెడితే బుర్రకెక్కలేదు. అందుకే ముందు కేసు, ఆ తర్వాత సూత్రం అనే వరసలో చదివాను. నాకు బాగా కలిసొచ్చింది, మీరూ ప్రయత్నించండి.

1984 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లెస్టర్ యూనివర్సిటీలో అలెక్ జెఫ్రీస్ ఒక ఎక్స్‌రే ఫిల్మ్ చూశారు. అందులో ఒక కుటుంబం వాళ్ల డీఎన్ఏ గీతలున్నాయి. బిడ్డలో కనిపించే గీతలు కొన్ని తల్లివి, మిగతావి తండ్రివి. మొత్తం అమరిక మాత్రం ఏ ఇద్దరికీ ఒకటి కాదు. చాప్టర్ అంతా ఇందులోనే ఉంది. 23 క్రోమోజోములు తల్లి నుంచి, 23 తండ్రి నుంచి వస్తాయి కాబట్టే పోలికలొస్తాయి, పితృత్వ పరీక్ష సాధ్యమవుతుంది, నేరస్థుడూ దొరుకుతాడు.

ఆ ఊరి దగ్గర్లోనే 1983లో, 1986లో ఇద్దరు పదిహేనేళ్ల అమ్మాయిలపై అత్యాచారం చేసి చంపేశారు. రెండో హత్య తానే చేశానని పదిహేడేళ్ల కుర్రాడు ఒప్పుకున్నాడు. డీఎన్ఏ చూస్తే రెండు నేరాలూ ఒక్కడివే, కానీ ఆ ఒక్కడు ఈ అబ్బాయి కాదు! తర్వాత పోలీసులు చుట్టుపక్కల వేలమంది మగవాళ్ల నమూనాలు తీసుకున్నారు. తన బదులు ఇంకొకరిని పంపిన కాలిన్ పిచ్‌ఫోర్క్ చివరికి దొరికి, 1988లో యావజ్జీవ శిక్ష పడింది. ఈ కేసులో డీఎన్ఏ ముందుగా కాపాడింది ఒక నిర్దోషిని. మెయిన్స్‌లో ఈ మాట తప్పకుండా రాయండి. నాకైతే సబ్జెక్టు మీద గౌరవం కలిగింది ఇక్కడే.

మన హైదరాబాద్ సంగతి అసలు మర్చిపోవద్దు. లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త కట్లపాము జాతి మీద చేసిన పరిశోధన నుంచి ఇక్కడి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మనదైన డీఎన్ఏ ప్రోబ్ (డీఎన్ఏలో కావలసిన భాగాన్ని పట్టి చూపే ముక్క) తయారైంది. రాజీవ్ గాంధీ హత్య, ఢిల్లీ తందూరీ హత్య (భార్యని చంపి శవాన్ని తందూరు పొయ్యిలో కాల్చిన) కేసుల్లో గుర్తింపుకి డీఎన్ఏ పరీక్షని వాడారు. 2012లో రాజకీయ నాయకుడు ఎన్.డి. తివారీ పితృత్వ పరీక్ష జరిగిందీ హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల కేంద్రంలోనే.

బిట్లని కారణంతో గుర్తుపెట్టుకోండి. పరిపక్వ ఎర్రకణంలో కేంద్రకం ఉండదు, కాబట్టి రక్తపు మరకలో డీఎన్ఏ దొరికేది తెల్లకణాల నుంచి. కుదురు లేని వెంట్రుకలో సాధారణంగా మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్ఏ మీదే ఆధారపడాలి, అది తల్లి వైపు నుంచే వస్తుంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి. ఏకరూప కవలలకు మామూలు డీఎన్ఏ ప్రొఫైల్ ఒకటే, వేలిముద్రలు మాత్రం వేరు.

నమూనా సేకరణ మీద ఒక పేరా రాస్తే జవాబు బలపడుతుంది. 1996లో ఢిల్లీలో లా విద్యార్థిని హత్య జరిగింది. డీఎన్ఏ సాక్ష్యం ఉన్నా దాన్ని నమ్మక ట్రయల్ కోర్టు నిందితుణ్ణి వదిలేసింది. 2006లో హైకోర్టు దోషిగా తేల్చింది. సీలు, భద్రత, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందన్న రికార్డు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

చట్టాల్లో, అత్యాచార నిందితుడి వైద్య పరీక్ష గురించి చెప్పే పాత సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియ చట్టం) సెక్షన్ 53ఎ ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 52. డీఎన్ఏ పరీక్షలు, డేటా బ్యాంకుల కోసం తెచ్చిన 2019 డీఎన్ఏ బిల్లుని 2023లో వెనక్కి తీసుకున్నారు. దాంతోపాటు నిందితుల వేలిముద్రలు, నమూనాల్లాంటివి తీసుకోవడానికి పోలీసులకు వీలిచ్చే 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టాన్నీ చదవండి, ప్రైవసీ ప్రశ్నకి రెండూ పనికొస్తాయి.