నీటిలో పుట్టి నీటికే పాడయ్యే ఎలక్ట్రోడ్: నా అనుభవం

సోడియం అయాన్ సెల్‌లో (సోడియం అయాన్లతో నడిచే బ్యాటరీలో) ఆనోడ్‌గా, అంటే రుణ ఎలక్ట్రోడ్‌గా, డైసోడియం టెరెఫ్తాలేట్ అనే ఉప్పును నేను ఎంచుకున్నది చవక కనుక. నీళ్ల సీసాల ప్లాస్టిక్‌కు వాడే టెరెఫ్తాలిక్ ఆమ్లమే దీనికీ ముడిసరుకు. లెక్క ప్రకారం గ్రాముకు 255 మిల్లీ ఆంపియర్ అవర్లు రావాలి.

20 మి.లీ. నీటిలో 0.80 గ్రాముల కాస్టిక్ సోడా కరిగించి, 1.66 గ్రాముల ఆమ్లం కొద్దికొద్దిగా వేస్తాను. సోడా బిళ్లలు చెమ్మ పీల్చుకుని ఉంటాయి కాబట్టి తూకం సరిపోయినా అడుగున తెల్లపొడి మిగులుతుంది. అప్పుడు మరో బిళ్ల వేయకూడదు. సోడా ద్రావణం చుక్కచుక్కగా పోసి, తేటపడగానే పీహెచ్ 8 దగ్గర ఆపాలి. మిగులు సోడా ఎక్కడ దెబ్బ తీస్తుందో కింద చెప్తాను.

ఈ ద్రావణాన్ని జోరుగా తిరుగుతున్న 200 మి.లీ. ఇథనాల్‌లోకి చుక్కలుగా వదిలితే ఉప్పు సన్నటి నానో రేకులుగా విడిపోతుంది. ఇథనాల్‌నే నీటి ద్రావణంలో నెమ్మదిగా పోస్తే మాత్రం స్ఫటికాలు మొద్దుగా పెరుగుతాయి. రెండుసార్లు ఇథనాల్‌తో కడిగి, వ్యాక్యూమ్‌లో 150 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెడతాను. కడిగేటప్పుడు నీరు మిగిలిపోతే, ఆరేలోపు రేకులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పడ్డ కష్టమంతా అక్కడే పోతుంది.

పొడిని ఫాయిల్‌కు అతికించే బంక, అంటే బైండర్ విషయంలోనూ అదే జరిగింది. మొదట నీటిలో కలిపే సీఎంసీ (సెల్యులోజ్ బంక) వాడాను. పూత ఆరాక నల్లటి ఫాయిల్ మీద తెల్లటి సూదులు తేలాయి. అది కరిగి మళ్లీ స్ఫటికమైన మన ఉప్పే! అప్పటినుంచి ఎన్‌ఎంపీ అనే నీరు కాని ద్రావణిలో కరిగించిన పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ బైండర్: ఉప్పు 60, కార్బన్ 30, బైండర్ 10 పాళ్లు. ఈ ఉప్పులో విద్యుత్తు దాదాపు పారదు, అందుకే అంత కార్బన్. సోడా మిగిలి ఉంటే పీవీడీఎఫ్ దెబ్బతిని స్లర్రీ (పూత పూసే ముద్ద) జున్నులా గడ్డకడుతుంది. పూతకు అల్యూమినియం ఫాయిల్ చాలు. లిథియంలా సోడియం దానితో మిశ్రమలోహం కాదు.

పరీక్ష సెల్‌లో ఈ పూతకు ఎదురుగా సోడియం లోహం ముక్క పెడతాను. దాని కోసిన ముఖం వెండిలా మెరవాలి. గ్లోవ్ బాక్స్‌లోనే (గాలి, చెమ్మ చొరకుండా మూసిన పెట్టెలోనే) వెంటనే మసకబారితే లోపల చెమ్మో ఆక్సిజనో ఉన్నట్టే, ఆ రోజు సెల్ కట్టను.

1.5 మిల్లీగ్రాముల ఉప్పున్న ఎలక్ట్రోడ్ బిళ్లకు 38 మైక్రో ఆంపియర్లు పెడితే పది గంటల డిశ్చార్జ్ (ఈ సెల్‌లో ఉప్పులోకి సోడియం చేరే దశ). వోల్టేజీ గ్రాఫ్‌లో 0.3 వోల్టుల చుట్టుపక్కల చదును గీత కనిపించాలి. మొదటి డిశ్చార్జ్ 255 దాటితే సంబరపడొద్దు, అందులో కార్బన్ వాటా, ఎలక్ట్రోలైట్ విరిగి పొర కట్టిన వాటా ఉంటాయి. ఉప్పు లేకుండా కార్బన్, బైండర్‌లతోనే ఇంకో బిళ్ల చేసి, అదే వోల్టేజీ హద్దుల్లో నడిపి, కార్బన్ బరువుకు తగ్గట్టు ఆ అంకె తీసేయండి.