అక్కడ గురుత్వాకర్షణ లేదనకండి

"అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ ఉండదు, అందుకే వ్యోమగాములు తేలుతారు" అని పిల్లలు రాసినప్పుడల్లా వాళ్ల చేత ఒక చిన్న లెక్క చేయిస్తాను. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, అంతరిక్ష కేంద్రం ఎత్తు సుమారు 400. అంటే భూమి మధ్య నుంచి దూరం ఆరు శాతమే పెరిగింది! గురుత్వాకర్షణ ఎంత బలంగా ఉందో చెప్పే 'జి' విలువ 9.8 నుంచి దాదాపు 8.7కి తగ్గుతుంది, అంతే.

మరి తేలడం? నిజానికి వాళ్లు పడుతూనే ఉన్నారు. ఒక్క సెకనులో నాలుగు మీటర్ల పైచిలుకు కిందికి పడతారు. కానీ అదే సెకనులో 7.7 కిలోమీటర్లు పక్కకు దూసుకుపోతారు, అంత దూరంలో భూమి కూడా దాదాపు అంతే కిందికి వంగిపోతుంది. అందుకే ఎత్తు తగ్గదు. నాకు ఫిజిక్స్‌లో ఇంతకన్నా అందమైన విషయం కనిపించలేదు.

నమ్మకం కుదరని పిల్లలకు నీళ్ల సీసా ఇస్తాను. మూత తీసి, అడుగున చిన్న బెజ్జం పెడితే నీళ్లు ధారగా కారతాయి. మేడ మీద నుంచి వదిలేస్తే, పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. సీసా, నీళ్లు కలిసే పడుతున్నాయి కదా, వ్యోమగాములూ వాళ్ల కేంద్రం లాగే.