ఆమ్‌స్టర్‌డామ్ కాలువల వెంట చివరి రోజు

విమానం రాత్రికి కావడంతో, ప్రయాణంలోని చివరి పగలును మ్యూజియంలకు కాక కాలువల వెంట నడకకే కేటాయించుకున్నాం. 17వ శతాబ్దంలో నగర విస్తరణకై తవ్విన హీరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలువలు పాత ఆమ్‌స్టర్‌డామ్‌ను అర్ధచంద్రాకారంలో చుట్టి ఉంటాయి. 2010లో యునెస్కో ఈ వలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ నీళ్ల కన్నా గట్టు మీది ఇళ్లే నన్ను ఎక్కువసేపు నిలబెట్టాయి. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. చాలా ఇళ్ల నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన దూలం, దాని చివర ఇనుప కొక్కెం కనిపిస్తాయి. లోపలి మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి కనుక, బరువైన సామానును ఆ కొక్కేనికి తాడు వేసి పైకి లాగి కిటికీలోంచి లోపలికి చేరుస్తారు. లాగేటప్పుడు గోడకు తగలకుండా కొన్ని ఇళ్లను కావాలనే వీధి వైపు కాస్త వాల్చి కట్టారు. ఒక వంతెన మీద నుంచి చూస్తుండగా, ఇద్దరు మనుషులు చెక్క బీరువాను అలాగే మూడో అంతస్తుకు చేర్చారు.

నేల మెత్తనిది కావడంతో పాత కట్టడాలన్నిటికీ కొయ్య గుంజలే పునాది. డామ్ కూడలిలోని రాజభవనం కింద అవి 13,659 ఉన్నాయి.

మధ్యాహ్నం డచ్ ఈస్టిండియా కంపెనీ పాత కార్యాలయానికి వెళ్లాం. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానిది. మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నంలలో స్థావరాలు పెట్టి, మన నేతగాళ్ల బట్టలను దేశదేశాలకు ఓడలెక్కించిన కంపెనీ అది. ఆ ఇటుక గోడల ప్రాంగణంలో తెలుగువారు తప్పక కాసేపు నిలబడాలని నా అభిప్రాయం. మేం అక్కడే ఎక్కువసేపు ఉండిపోయి పడవ షికారు వదులుకున్నాం. అందుకు నాకు ఏ విచారమూ లేదు.