ముందు పళ్ళ డాక్టర్ దగ్గరికి

నాన్నకి గొంతు క్యాన్సర్ అని తేలాక, రేడియేషన్ ఎప్పుడు మొదలవుతుందా అని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. డాక్టర్ గారేమో ముందు పళ్ళు చూపించుకు రమ్మన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంత పెద్ద జబ్బు పెట్టుకుని పళ్ళ సంగతేమిటి?

పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, కింది దవడలో రెండు పళ్ళు తీసెయ్యాలన్నారు. ఆ గాయం మానడానికి రెండు వారాలు, ఆ తర్వాతే రేడియేషన్. నా టెన్షన్ చూసి విడమరచి చెప్పారు. రేడియేషన్ పడిన దవడ ఎముకకి రక్తప్రసరణ తగ్గిపోతుందట. తర్వాత పన్ను పీకితే గాయం మానక ఎముకే చచ్చుబడవచ్చట, ఏళ్ళు గడిచినా సరే. ఆవిడ ఆపకపోతే ఆ రెండు పళ్ళూ అలాగే ఉండిపోయేవి.

మొత్తం 35 సిట్టింగులు, వారానికి 5 చొప్పున. మొదటి వారంలోనే ఉమ్మి జిగురుగా మారింది. మూడో వారానికి నోరంతా పూసింది. లీటరు నీళ్ళలో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంట సోడా కలిపి, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పుక్కిలించమన్నారు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ ముట్టుకోవద్దన్నారు.

కష్టమంతా బ్రష్ దగ్గరే. బాగా మెత్తటి బ్రష్ కొని, వేడినీళ్ళలో ముంచి ఇంకా మెత్తబరిచి ఇచ్చేదాన్ని. నాన్న దాన్ని పెదవి దాకా తెచ్చి అలాగే ఆగిపోయేవారు. కళ్ళలో నీళ్ళు. "ఇవాళ్టికి వద్దులేమ్మా" అనేవారు. వదిలెయ్యాలనే అనిపించేది. కానీ ఉమ్మి లేని నోట్లో పాచి పేరుకుంటే పుండ్లలో ఇన్ఫెక్షన్ చేరుతుంది. అందుకే నొప్పి మందు వేసి అరగంట ఆగి అప్పుడు బ్రష్ ఇవ్వడం నేర్చుకున్నాను. అదీ కుదరని రోజు ఉప్పునీళ్ళలో తడిపిన గాజుగుడ్డ వేలికి చుట్టి, నెమ్మదిగా నేనే తుడిచేదాన్ని.

ఒకరోజు అలా తుడుస్తుంటే బుగ్గ లోపల తెల్లటి పొర కనిపించింది. తుడిస్తే కింద ఎర్రగా ఉంది. మర్నాడే చూపిస్తే ఫంగస్ అన్నారు. మందు వాడితే తగ్గింది. రోజూ టార్చ్ వేసి చూడకపోతే నాకు తెలిసేదే కాదు.

రేడియేషన్ ముగిశాక నెలకి పుండ్లు మానాయి గానీ నోరు ఎండిపోవడం మాత్రం పోలేదు. ఉమ్మి లేకపోతే చిగుళ్ళ అంచుల్లో పళ్ళు త్వరగా పుచ్చిపోతాయి కాబట్టి రోజూ రాత్రి ఫ్లోరైడ్ జెల్ పెట్టుకుంటారు. దవడ బిగుసుకోకుండా నోరు తెరిచే వ్యాయామం కూడా ఉంది. మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. మధ్యలో రెండు వేళ్ళకి పడిపోయింది.

ఈ వారం మూడో వేలు పట్టింది. నోట్లో వేళ్ళు అలాగే ఉంచుకుని, చూడమని నన్ను సైగ చేసి పిలిచారు నాన్న.